ఒలందుల యోడబేరము

బందరు పట్టణమున వలందపాలెమను పేట యొకటి కలదు. ఆ పేరెట్లు వచ్చినదో చెప్పగలవారు ఆ పేటలోనే నేడు తక్కువ. మేము ఉపాధ్యాయవృత్తి యందున్న దినములలో నొకమాఱు విద్యార్థులను వెంటబెట్టుకొని బందరుకోట చేరువనున్న ఒలందుల సమాధులను చూపబోయితిమి. రాతిపలకలపై చెక్కిన పరదేశపు అక్షరములను, వంశచిహ్నములను చూచి యొక బాలుడు, "అయ్యవారూ, వీరి దేశమెంత పెద్దదండీ?" అని యడిగెను. పూర్వపు ఉభయగోదావరులు, కృష్ణా, గుంటూరు జిల్లాలు నాలుగును జేర్చిన నెంత యగునో రమారమి యంతియే యని చెప్పితిమి. బాలుడు నమ్మలేదు. "అంత చిన్నదేశమువారు ఇంతదూరము ఎట్లు రాగలిగినారండీ? వచ్చినవారు మఱల నెందుకు పోయినారు?" అని మఱి రెండు ప్రశ్నలు వేసెను.

ఆనాడు మేమిచ్చిన యుత్తరము మాకే తృప్తి గొల్పలేదు. ఈ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయవలసినదని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు ఆ ప్రశ్నలే మఱల స్మృతికి వచ్చినవి. వానికి యథామతి నుత్తరము చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. మన పూర్వులలో ననేకులు ఆ రేవులతో క్రయవిక్రయములు నడపినవారే గనుక ఇది మనకు పరాయికథ కాదు.

నేడు నెదర్లాండ్సు అని వ్యవహరింపబడు దేశమునే లోకులు హాలండనియు ననుచుందురు. పోర్చుగలువారిని బుడతకీచులనియు, ఫ్రెంచివారిని పరాసులనియు పిలిచిన మన పెద్దలు వీరిని ఒలందులనిరి. వారి భూమిలో గొప్పభాగము సముద్రమట్టమునకు దిగువనున్నది. గట్లు కట్టి, గాలిమరలతో నీరు తోడి, కడలినుండి నేలను సంపాదించుకొన్నవారు వారు. గట్టు కాపాడుటకు ఊరూరను జలసంఘములుండెను. భూమిగల ప్రతివాడును తన వంతు పని గాని పన్ను గాని చెల్లింపవలసినదే. ఒక్కని గట్టు తెగిన నందఱి చేలును మునుగును గదా! కూడి పనిచేయుట యను విద్యను వారికి సముద్రమే నేర్పినది.

ఆ నేల జనులకు చాలినంత ధాన్యము నీయదు; ఓడలకు వలయు కలపయు నచట లేదు. కావున వారు బాల్టికు సముద్రతీరము నుండి ధాన్యమును, నార్వే నుండి కలపను దెచ్చుకొనిరి. ఉత్తరసముద్రమున హెర్రింగు చేపను బట్టి ఉప్పువేసి పరదేశములకు అమ్మిరి. 16వ శతాబ్ది చివర గాలిమరతో ఱంపము నడపి మ్రాను కోయు నుపాయమును కనుగొనిరి. తక్కువమంది నావికులతో ఎక్కువ సరకు మోయగల ఫ్లూయిటు అను నోడను నిర్మించిరి. ఓడకూలి తగ్గినచో సరకు వెలయు తగ్గును. ఈ లెక్కను వారు పొరుగువారికంటె ముందు గ్రహించిరి.

ఇట్లుండగా వారికి గొప్ప విపత్తు వాటిల్లెను. వారిని పాలించుచున్న స్పెయిను రాజుపై 1568లో తిరుగుబాటు మొదలయ్యెను. 1580లో ఆ రాజే పోర్చుగలు సింహాసనమును గూడ నధిష్ఠించెను. అంతవఱకు ఒలందులు లిస్బను రేవులో మిరియమును, లవంగమును కొని ఉత్తరదేశములకు చేరవేయుచుండిరి. ఇప్పుడా రేవు శత్రువు చేతికి జిక్కెను. 1585లో ఆంట్‌వెర్పు నగరము స్పెయినువారికి లొంగిపోగా అచటి వర్తకులు, పనివారు పెక్కుమంది ఆమ్‌స్టర్‌డాము చేరిరి. అప్పటి యా దేశపు జనసంఖ్య సుమారు 15 లక్షలు. అంతటి చిన్నదేశము, ఇంటియొద్ద యుద్ధము నడుపుకొనుచునే, భూమికి ఆవలివైపుననున్న ద్వీపములకు స్వయముగా నోడలు పంపదలచెను.

ఓడలకు ముందు వారు సంపాదించినది జ్ఞానము. యాన్ హైఘెన్ వాన్ లిన్‌స్కోటెన్ అను యువకుడు 1583లో గోవా చేరి, అచటి పోర్చుగీసు మతాధిపతి కొలువులో లేఖకుడుగా నుండెను. సముద్రమార్గములను, గాలులను, రేవులను, ఏ దేశమున నే సరకు దొరకునో, దేనికి గిరాకి గలదో యన్నియు శ్రద్ధతో వ్రాసికొనెను. స్వదేశము చేరినపిదప 1596లో ఆతడా గ్రంథమును ప్రకటించెను. నూఱేండ్లు బుడతకీచులు దాచిన దారి అచ్చుపుస్తకమై అందఱి చేతికి వచ్చెను.

1595లో కోర్నెలిస్ డి హౌట్‌మన్ నాయకత్వమున నాలుగోడలు బయలుదేరి జావాద్వీపమందలి బాంటము రేవును చేరినవి. 1597లో మూడోడలు మాత్రమే తిరిగివచ్చినవి; బయలుదేరినవారిలో నించుమించు మూడవవంతు మాత్రమే ప్రాణములతో నిలు చేరిరి. తెచ్చిన మిరియమును స్వల్పమే. అయినను దారి కలదని రుజువయ్యెను. మఱుసటియేడు వాన్ నెక్ అను నాయకుని వెంట బోయిన యోడలు కొన్ని 1599లో మిరియముతో, లవంగముతో నిండి వచ్చి మదుపు పెట్టినవారికి గొప్పలాభము గూర్చినవి.

లాభముతోనే కలహమును వచ్చినది. ఒక్కొక్క పట్టణమువారు ఒక్కొక్క కంపెనీ పెట్టిరి. 1601 నాటికి అఱువదికి పైగా నోడలు తూర్పునకు సాగినవి. బాంటములో ఒలందువానికి పోటీగా ఒలందువాడే మిరియమువెల పెంచెను. ఆమ్‌స్టర్‌డాములో ఒలందువానికి పోటీగా ఒలందువాడే యమ్మకపు వెల తగ్గించెను. కొనుచోట వెల హెచ్చి, అమ్ముచోట తగ్గినచో వర్తకుడేమి తినును? అప్పుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ అను రాజనీతిజ్ఞుడు పట్టుదలతో నా కంపెనీల నొక్కచోట కూర్చుండబెట్టెను. 1602 మార్చి 20వ తేదిన సంయుక్త ఈస్టిండియా కంపెనీకి 21 ఏండ్ల గుత్తాధికారముతో సన్నదు లభించెను. ఆమ్‌స్టర్‌డాము, మిడిల్‌బర్గు, డెల్ఫ్‌టు, రాటర్‌డాము, హార్న్, ఎన్‌కౌజన్ అను ఆఱు పట్టణములకు ఆఱు శాఖలు. వానిపై 17 మంది నిర్వాహకులు. పెద్ద పట్టణము తక్కినవానిని మ్రింగకుండ ఆమ్‌స్టర్‌డామునకు 8 స్థానములు మాత్రమే యిచ్చిరి.

మూలధనము సమకూడిన విధమే యీ కథకెల్ల ప్రాణము. ఏ ధనికుడును, ఏ రాజును ఆ సొమ్మంతయు నిచ్చినవాడు కాడు. దేశవాసు లెవ్వరైనను, ఎంతైనను వేయవచ్చునని చాటించిరి. సుమారు 64 లక్షల గిల్డరులు చేరినవి. ఆమ్‌స్టర్‌డాము శాఖలోనే 1,143 మంది పేర్లు వ్రాయించిరి. చందాపుస్తకము నిర్వాహకులలో నొకని యింట నుంచబడెను. గడువు ముగియు సమయమున ఆ యింటి పనికత్తె కూడ నూఱు గిల్డరులు వేసి తన పేరు వ్రాయించెను. వేలకొలది గిల్డరులు వేసిన ధనికుని పేరును, ఆ పనికత్తె పేరును ఒక్క పుస్తకముననే యున్నవి. ఒక్కొక్కరి మదుపు ఒక యోడలోని యొక మూలకును చాలదు. అందఱి మదుపు కలసి నౌకాదళమయ్యెను.

ఇట్టి యాలోచన మన శాస్త్రకారుల కెఱుకలేనిది కాదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో సంభూయసముత్థాన మొకటి. పలువురు కూడి చేయు నుద్యమమని దాని యర్థము. అట్టి వర్తకులు తమతమ ధనానుసారముగ లాభనష్టములను బంచుకొనవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. సముద్రవర్తకునికి అమరకోశమున సాంయాత్రికుడను పేరు గలదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, తుపానున కొట్టుకొనివచ్చిన యోడల సరకును రాజు హరింపడనియు, నిర్ణీతసుంకము మాత్రమే గైకొనుననియు ప్రకటించెను. శాస్త్రము మనకు కలదు, రేవులు కలవు, అభయము నిచ్చిన ప్రభువును కలడు. అయినను నోడలు వారివైపునుండియే యేల వచ్చినవి? ఈ ప్రశ్నకు మఱల వచ్చెదము.

మిరియమునకు, లవంగమునకు, జాజికాయకు ప్రసిద్ధిగన్న ద్వీపములలో నొలందుల కొక చిక్కు తారసిల్లెను. ఉష్ణదేశపు జనులకు ఐరోపా ఉన్నిబట్ట యక్కఱలేదు. వారు కోరినది మన తీరపు నూలుబట్ట. తరతరములుగా వారు దానినే కట్టిరి. పెండ్లికి, పండుగకు దానినే వాడిరి. మన బట్ట లేనిచో ద్వీపములలో బేరమే లేదని కంపెనీ యుద్యోగులు స్వదేశమునకు వ్రాసికొనిరి. కావున 1605లో వారి యోడ బందరు రేవును చేరెను. 1606లో గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబుషా వలన నుత్తరువు పొంది బందరులోను, పెటపోలి యని వారు వ్రాసికొన్న నిజాంపట్నములోను కోఠీలు పెట్టిరి. 1610లో చంద్రగిరి ప్రభువగు వెంకటపతిరాయల ప్రభుత్వముతో నొడంబడిక చేసికొని పులికాటు చేరి, 1613 నాటికి అచట గెల్డ్రియా యను కోటను నిర్మించుకొనిరి. కాలక్రమమున పాలకొల్లు, ద్రాక్షారామము, నాగులవంచ, భీమునిపట్నము, కాకినాడయొద్ద జగన్నాథపురము మొదలగుచోట్ల వారి స్థావరము లేర్పడెను.

కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరుగు చిరువేరు ఎఱుపురంగునకు పెట్టినది పేరు. ఆ రంగు ఉతుకుకొలది వన్నె కెక్కునని ప్రసిద్ధి. నేతగానికి దళారి ద్వారా బయానా యిచ్చి, ఏ ద్వీపమున కే కొలత, ఏ యంచు, ఏ రంగు వలయునో మచ్చు చూపి నేయించిరి. తమకు నచ్చినది యమ్మజూడక, కొనువానికి నచ్చినది కనుగొనుట వారి వ్యాపారరహస్యము. ఇట్లు కొన్న బట్టను ద్వీపములకు బంపి సుగంధద్రవ్యములను గైకొనిరి. 1609లో జపానులోని హిరాడో యందు కోఠీ పెట్టిరి. 1641లో నాగసాకి రేవులోని దెజిమా యను చిన్న దిబ్బకు మార్చబడిరి. అచటి వెండి, రాగి మన తీరమునకు వచ్చినవి. బందరు బట్ట, మొలక్కసు లవంగము, జపాను రాగి ఇవి యన్నియు నొకే మాలలోని పూసలైనవి. ఐరోపానుండి తెచ్చిన వెండి చాలని లోటును ఆసియాలోని రేవులనడుమ జరిపిన యీ బేరము తీర్చెను.

ఇక మన వర్తకుల సంగతి. వారు ఇల్లు కదలనివారు కారు. బందరునుండి పెగూకు, అచ్చెకు, పారసీకపు రేవులకు ఓడలు పోవుచునే యుండెను. నరసాపురపు ఓడకట్టు పనివారి నేర్పు అన్యదేశీయులును మెచ్చి తమ యోడలను గూడ అచట గట్టించుకొనిరి. 17వ శతాబ్ది మధ్యభాగము తరువాత ఈ తీరపు వర్తకులు వాటాలు వేసికొని సంఘములుగా గూడిరి. అయితే వానిని ప్రోత్సహించినది ఒలందులే. ఏలయన, పదిమంది వర్తకులు పోటీపడి నేతగానియొద్ద వెల పెంచుటకంటె, ఒక్క సంఘముతో బేరము కుదుర్చుకొనుట వారికి లాభము. బాకీ నిలిచిన నందఱును పూచీపడుదురు. మనవారు కూడిరి గాని, కొనువానికి సరకు నందించుటకు మాత్రమే కూడిరి. దూరపు బజారులో స్వయముగా నమ్ముటకు గూడలేదు. ద్వీపమున నా బట్ట యెంతకు పోయినదో నేసినవానికి దెలియదు, సేకరించినవానికిని దెలియదు. పెద్ద యోడ వర్తకుని వ్యాపారము సాధారణముగ నా యింటితోనే, ఆ ప్రభువు దయతోనే ముడిపడి యుండెను. ఆతడు గతించినను, ప్రభువు మాఱినను అది చెదరిపోవుచుండెను. ఒలందుల కంపెనీలో మనుష్యులు చచ్చిరి గాని పుస్తకము చావలేదు. వారివైపునుండియే యోడలు వచ్చుటకు మాకు దోచు ముఖ్యకారణ మిదియే.

ఇంతవఱకు చదివి ఒలందులను కేవలము ప్రశంసించుచున్నామని పాఠకమహాశయులు భావింపరాదు. వారి త్రాసు ప్రక్కన కత్తియు నుండెను. జాజికాయ పండు బాండా ద్వీపములవారు తమ సరకును ఇష్టమైనవారికి అమ్ముకొందుమన్నందుకు, 1621లో కంపెనీ గవర్నరు జనరలు కోయెన్ దండెత్తి వారిలో అత్యధికులను జంపించెను, చెఱపట్టించెను, ద్వీపములనుండి వెడలగొట్టించెను. ఆ తోటలను బానిసలచే సేద్యము చేయించిరి. మన తీరమునందును, కఱవుకాలములలో ఆకలిచే నమ్ముడుపోయిన మనుష్యులను కొని యోడల కెక్కించి బటావియాకు, ఇతర స్థావరములకు బంపిరి. మనవారి యోడలు సముద్రమున తిరుగుటకు తమ అనుమతిచీటీలుండవలెనని నిర్బంధించిరి. సముద్రము అందఱిదియని 1609లో గ్రంథము వ్రాసిన గ్రోషియసు ఒలందువాడే. బలము చేకూరినపిమ్మట నా ధర్మమును మఱచినవారును ఒలందులే.

బాలుని రెండవ ప్రశ్నకు ఉత్తరమిచట మొదలగుచున్నది. సన్నదులో పదియేండ్ల కొకమాఱు మదుపుదారులకు సాధారణపు లెక్క చూపవలెనని యుండెను. 1612లో ఆ గడువు రాగా నిర్వాహకులు దానిని తప్పించుకొనిరి. అంతకుముందు 1610లో పంచిన మొదటి లాభభాగము రొక్కము కాదు, జాపత్రి. ఇంటికి తెచ్చుకొన్న జాపత్రిని ఏమి చేసికొనవలెనో దెలియక మదుపుదారులు గొణిగిరి. ఉద్యోగులకు జీతములు తక్కువ. కావున వారు కంపెనీ యోడలలోనే తమ సొంతసరకును దాచి తెచ్చిరి. మన తీరమున కంపెనీ కొలువు చేసిన డేనియల్ హావర్టు 1693లోనే ఈ తీరపు వాణిజ్యము యొక్క ఉచ్చనీచములపై గ్రంథమును ప్రకటించెను. పతనమను మాట యానాడే దాని పేరునకెక్కినది. 1687లో గోలకొండ మొగలుల వశమగుటయు, తీరమున గలతలు పెరుగుటయు దానికి దోహదమిచ్చినవి. పిమ్మటి శతాబ్దమున లాభము లేనియేడును అప్పుచేసి లాభభాగములు పంచిరి. 1780 మొదలు 1784 వఱకు ఇంగ్లీషువారితో జరిగిన యుద్ధము ఆ యప్పును మోయరానిదిగ జేసెను. 1796లో ప్రభుత్వము కంపెనీని స్వాధీనపఱచుకొనెను. 1799 తుదితో సన్నదు ముగిసెను. 1824 నాటి లండను సంధి ననుసరించి 1825లో మన తీరపు ఒలందు స్థావరములు ఇంగ్లీషువారి పరమయ్యెను. మిగిలినవి బందరులోను, భీమునిపట్నములోను సమాధులు, ఒక పేట పేరు.

కంపెనీ సాగిన రెండువందల యేండ్లలో ఐరోపానుండి తూర్పునకు ఓడలెక్కినవారు దాదాపు పదిలక్షలమంది. తిరిగి వెళ్లినవారు నాలుగులక్షలకు లోపు. బందరు సమాధులలో నున్నవారు ఆ తిరిగిపోనివారిలోని కొందఱు. లాభమునకు వెల యెవరు చెల్లించిరో తెలిసికొనగోరువారు ఆ లెక్కను గూడ చూడవలెను.

కంపెనీ పోయినను దేశము పోలేదు. నేటికిని ఆ చిన్నదేశము వ్యవసాయసంబంధమైన సరకుల యెగుమతిలో లోకమున అగ్రశ్రేణి యందున్నది. రాటర్‌డాము ఐరోపాఖండమున నెల్ల పెద్దరేవు. పాలు, పూలు, విత్తనములు, యంత్రములు అమ్ముచున్నారు. కత్తి చూపి కాదు. 2023 జూలై 1వ తేదిన ఆ దేశపు రాజు తన పూర్వులు నడపిన బానిసత్వమునకు బహిరంగముగ క్షమాపణ చెప్పెను. ఆలస్యమైనను తప్పును లెక్కలో వ్రాసికొనుట మేలే.

ఇప్పుడు మన సంగతి యొక్కమాట. మా బాల్యమున మా గ్రామమున మనవారే కొందఱు కూడి పొదుపునిధి యొకటి నెలకొల్పిరి. మా తండ్రిగారు తమ కష్టార్జితము నూఱు రూపాయలు వేసిరి. మొదటియేట లెక్క చదివిరి, రెండవయేట చదువలేదు, మూడవయేట నిధి మూతపడెను. అందెవ్వరైన నపహరించిరో లేదో మే మెఱుగము. నేటికిని నెవ్వరు నెఱుగరు. లెక్క చదువకపోవుటయే చాలినది. ఆ పిమ్మట మా తండ్రిగారు సంఘమన్నమాట వినినప్పుడెల్ల చిఱునవ్వు నవ్వి యూరకుండెడివారు. నూఱు రూపాయలకంటె ఆ నమ్మకము పోవుటయే పెద్దనష్టమని మాకిప్పుడు తోచుచున్నది.

ఈ మహాసభలో మన విద్యానిధి విషయము చర్చకు రానున్నది. వదాన్యులగు పోషకులు ముందునకు వచ్చి పెద్దమొత్తములు వాగ్దానము చేసినారని విని సంతసించితిమి. వారి యౌదార్యమునకు మా నమస్కృతులు. అయినను వారినే యొక్క విన్నపము చేయుచున్నాము. నిధిని మీ సొమ్ముతోనే నింపకుడు. నెలజీతగాడును, కూలివాడును, ఒంటరి వృద్ధురాలును తమకు తోచినది వేసి పేరు వ్రాయించుకొనుటకు ఆ పుస్తకమున చోటు విడువుడు. పదిమంది దాతల నిధి ఆ పదిమంది యున్నంతవఱకే నిలుచును. వేయిమంది వాటాదారుల నిధి తరములు దాటును. ప్రతియేట మహాసభలో, ఏ మర్యాదను పాటింపక, పైసతో సహా లెక్క చదివింపుడు. ఆ నిధితో చదువుకొను పిల్లలను ఇచటి సరకు ఎచట కావలయునో, అచట నెంతకు పోవుచున్నదో స్వయముగ దెలిసికొనువారినిగా తీర్చుడు. పరులను ముంచి బాగుపడు దారిని మాత్రము వారికి నేర్పకుడు.

ఆనాటి బాలుడు నేడు ఎచటనున్నాడో మాకు దెలియదు. ఈ సంచిక యాతని కంటబడినచో, ఆలస్యముగ నిచ్చుచున్న యుత్తరముగ దీనిని గ్రహించుగాక. నాయనా, వారు పెద్దదేశమువారై రాలేదు. చిన్నసొమ్ములను జేర్చి వచ్చిరి. లెక్కను దాచి, ధర్మమును వీడి పోయిరి.